గీసేది కోడు, చూపేది తెర: నోట్‌బుక్‌లలో గ్రాఫుల ప్రదర్శనపై ఒక సమీక్ష

2023 జూలై 27 ఉదయం 8.30 గంటలకు ముగిసిన ఇరవై నాలుగు గంటల్లో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందెన్నడూ లెక్కకెక్కలేదు. 2013లో వాజేడులో నమోదైన 517.5 మిల్లీమీటర్ల రికార్డు ఆ పూటతో పోయింది. అదే రోజు జయశంకర్ భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5, రేగొండలో 467 మిల్లీమీటర్లు కురిసింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తింది.

ఈ అంకెలు బీరువాలో మగ్గేవి కావు. రాష్ట్ర అభివృద్ధి ప్రణాళికా సంస్థకు వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలున్నాయి. మండలాలవారీ వర్షపాతం పట్టికలు రాష్ట్ర ఓపెన్ డేటా పోర్టల్‌లో దొరుకుతాయి. మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర నుంచి వరంగల్‌కో హైదరాబాద్‌కో చదువుకు వెళ్లిన ఏ విద్యార్థి అయినా ఆ ఫైలు దించుకుని, గూగుల్ కొలాబ్ నోట్‌బుక్ తెరిచి, నాలుగు వరుసల పైథాన్‌తో తన మండలం వాన గ్రాఫు గీయగలడు. గీయడం వరకు ఇబ్బంది లేదు. అది కావాల్సిన తీరులో కనిపించేలా చేయడంలోనే ఉంది తంటా అంతా.

ఒకే కోడు కొలాబ్‌లో ఒక సైజులో, వీఎస్ కోడ్‌లో ఇంకో సైజులో బొమ్మ వేస్తుంది. ఒక సెల్‌లో, అంటే నోట్‌బుక్‌లో కోడు రాసే గడిలో, గ్రాఫు గీసి తర్వాతి సెల్‌లో శీర్షిక పెడితే, శీర్షిక ఒక్కటే ఉన్న ఖాళీ చట్రం వస్తుంది. ఒక్కోసారి అదే బొమ్మ రెండుసార్లు పడుతుంది. గిట్‌హబ్‌లో పెడితే గ్రాఫు ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ మిగులుతుంది. ఊరిపేరు తెలుగులో రాస్తే అక్షరాల బదులు చతురస్రాలు వరుస కడతాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లు వీటిని వేర్వేరు రోగాలనుకుని ఒక్కోదానికి ఒక్కో చిట్కా వెతుక్కుంటారు. నిజానికి వీటన్నిటికీ మూలం ఒకటే. గ్రాఫు గీసే లైబ్రరీ, కోడు నడిపే కెర్నల్, ఫలితం చూపే నోట్‌బుక్ తెర, దాన్ని దాచుకునే ఫైలు, ఆఖరున చూసేవాళ్ల ఫోను అనే ఐదు అంచెలు దాటితేగాని బొమ్మ కంటికి చేరదు. ప్రతి అంచెకూ తన సొంత లెక్కలున్నాయి. ఒక అంచెలో తప్పిన దాన్ని ఇంకో అంచెలో సరిచేయబోతేనే తలనొప్పి. ఈ అంచెల్లో ఎక్కడ ఏది అదుపు చేయాలో చూడటం ఈ సమీక్ష పని.

కిటికీ నుంచి కాగితానికి

కోడు, వివరణ, ఫలితం ఒకేచోట ఉండాలన్న ఆలోచన పాతదే. డొనాల్డ్ నూత్ 1984లో ‘లిటరేట్ ప్రోగ్రామింగ్’ పేరుతో దాన్ని ప్రతిపాదించాడు. 1988లో వచ్చిన మ్యాథమేటికాలో థియొడోర్ గ్రే రూపొందించిన నోట్‌బుక్ ఉంది. పైథాన్ వైపు చూస్తే, 2001లో ఫెర్నాండో పెరెజ్ ఐపైథాన్ మొదలుపెట్టాడు. దాదాపు ఆ రోజుల్లోనే జాన్ హంటర్ అనే నాడీశాస్త్ర పరిశోధకుడు, మూర్ఛ రోగుల మెదడు సంకేతాలను తెరమీద చూడటానికి మ్యాట్‌ప్లాట్‌లిబ్ అనే గ్రాఫుల లైబ్రరీ రాసుకున్నాడు. ఐపైథాన్ నోట్‌బుక్ 2011 డిసెంబరులో వచ్చింది. 2014లో అది జూపిటర్ ప్రాజెక్టుగా మారింది. హంటర్ 2012లోనే కన్నుమూశాడు.

ఈ వరుసక్రమం తెలిస్తే సగం చిక్కులు వాటంతటవే విడతాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ పుట్టేనాటికి నోట్‌బుక్ లేదు. గ్రాఫు అంటే కంప్యూటర్ తెరమీద తెరుచుకునే ఒక కిటికీ అనీ, మూసేదాకా అది బతికే ఉంటుందనీ, ఎప్పుడైనా దాంట్లో ఇంకో గీత కలపవచ్చనీ ఆ లైబ్రరీ లెక్క. నోట్‌బుక్‌ది కాగితం లెక్క. సెల్ నడిచింది, ఫలితం దానికింద అచ్చయింది, అంతటితో సరి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఇన్‌లైన్ అనేది ఈ రెంటి మధ్య కుదిరిన రాజీ. ఇప్పుడున్న చాలా నోట్‌బుక్‌లలో మనం ప్రత్యేకంగా అడగకపోయినా నడిచేది ఆ రాజీయే.

సెల్ నడిచినప్పుడు జరిగేది

ఒక్క సెల్‌నే దగ్గరగా చూద్దాం. ప్లాట్ అనగానే బొమ్మ తెరమీదికి రాదు. కెర్నల్ జ్ఞాపకంలో ఒక ఫిగర్ తయారవుతుంది, అంతే. సెల్‌లోని ఆఖరి వరుస కూడా పూర్తయ్యాక, తెరిచి ఉన్న ఫిగర్లన్నిటినీ ఇన్‌లైన్ పోగుచేసి, ఒక్కోదాన్ని పీఎన్‌జీ బొమ్మగా మార్చి తెరకు పంపి, వెంటనే వాటిని మూసేస్తుంది. మూసేయడమే ఇక్కడ కీలకం. తర్వాతి సెల్‌లో మనం శీర్షిక పెట్టమంటే, పెట్టడానికి పాత ఫిగర్ తెరిచి లేదు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ కొత్తది తెరిచి దానికే ఆ శీర్షిక తగిలిస్తుంది. ఖాళీ చట్రం పుట్టుక ఇదీ.

దీనికి విరుగుడు రెండు రకాలు. గ్రాఫుకు సంబంధించిన పనంతా ఒకే సెల్‌లో ముగించడం మొదటిది. ఫిగర్‌కూ యాక్సిస్‌కూ పేర్లు పెట్టుకుని, ఆ పేర్లతోనే వాటిని పిలవడం రెండోది. పేరు ఉన్నంతకాలం, మూసేసిన ఫిగర్‌ని కూడా ఏ సెల్‌లోనైనా సవరించి డిస్‌ప్లే అని మళ్లీ చూపించవచ్చు. కొత్తవాళ్లకు మొదటిది సులువు. నాలుగు రోజులకు మించి వాడాల్సిన నోట్‌బుక్‌కు రెండోదే మేలు.

ఒకే బొమ్మ రెండుసార్లు పడటం కూడా ఈ ఏర్పాటు వల్లనే. సెల్ ఆఖరి వరుసలో ఏ విలువ ఉంటే దాన్ని చూపించడం నోట్‌బుక్ అలవాటు. అక్కడ ఫిగర్ పేరు రాస్తే ఆ అలవాటు కొద్దీ ఒకసారి, సెల్ ముగింపులో ఇన్‌లైన్ పోగుచేసినప్పుడు ఇంకోసారి బొమ్మ వస్తుంది. ఫిగర్‌ని ముందే క్లోజ్ చేసి ఆఖరున పేరు రాస్తే ఒక్కటే మిగులుతుంది. గ్రాఫు పైన ‘లైన్ 2డీ’ అంటూ వచ్చే అర్థంకాని వరుస కూడా ఆఖరి విలువ తాలూకు ముద్రే. చివర సెమికోలన్ పెడితే పోతుంది.

లూప్‌లో గీస్తే మరో వింత. మహబూబాబాద్ జిల్లా మండలాలన్నిటికీ వరుసగా గ్రాఫులు వేయమంటే, మొదటిది ఎప్పుడో సిద్ధమైనా లూప్ ముగిసేదాకా తెరమీద ఒక్కటీ కనపడదు. లూప్ లోపల షో అని పిలిస్తే ఒక్కోటి అప్పటికప్పుడే వస్తుంది. అదే చోట పాతది చెరిగి కొత్తది రావాలంటే క్లియర్ అవుట్‌పుట్ వాడాలి. దానికి వెయిట్ అన్న ఆప్షన్ కలపకపోతే తెర మినుకుమినుకుమంటుంది. రాష్ట్రంలో ఆరు వందలకు పైగా ఉన్న మండలాలన్నిటికీ ఒకే సెల్‌లో బొమ్మలు తీసి ఫైళ్లుగా దాచుకునేవాళ్లు ఒక్కో ఫిగర్‌ని దాచిన వెంటనే మూసేయాలి. ఇరవై దాటగానే మ్యాట్‌ప్లాట్‌లిబ్ హెచ్చరిస్తుంది. పట్టించుకోకపోతే కొలాబ్ ఇచ్చిన మెమరీ కాస్తా హరించుకుపోతుంది.

అంగుళాలు, చుక్కలు, ఫోను

ఎక్కువమంది తడబడేది కొలతల దగ్గర. ఫిగ్‌సైజ్ అంగుళాల్లో చెబుతాం. డీపీఐ అంటే అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే అంకె. 2017 జనవరిలో వచ్చిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2.0 నుంచి మనం ఏమీ చెప్పకపోతే 6.4 అంగుళాల వెడల్పు, 4.8 అంగుళాల ఎత్తు, 100 డీపీఐ. అంటే 640 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు. కానీ తెరమీద కొలిచి చూస్తే సరిగ్గా అంత ఉండదు. ఇన్‌లైన్ బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీని కత్తిరించి పంపుతుంది. సేవ్‌ఫిగ్ మాత్రం, చెప్పకపోతే కత్తిరించదు. తెరమీద చక్కగా కనిపించిన అక్షరాలు ఫైలులో అంచు దగ్గర తెగిపోయే కారణం ఈ తేడా.

‘అక్షరాలు కనిపించడం లేదు’ అనగానే చేయి ఫిగ్‌సైజ్ పెంచడానికే పోతుంది. ఫోను పాఠకుడి విషయంలో ఇది సరిగ్గా తలకిందుల వైద్యం. లెక్క చూడండి. 12 అంగుళాల గ్రాఫు 100 డీపీఐలో 1200 చుక్కల వెడల్పుంటుంది. పది పాయింట్ల అక్షరం దాంట్లో సుమారు 14 చుక్కల ఎత్తు. మామూలు ఫోను తెర నిలువుగా పట్టుకుంటే వెబ్ కొలతల్లో 360 చుట్టూ ఉంటుంది. 1200ను 360లో ఇరికిస్తే ఆ 14 కాస్తా 4 అవుతుంది. చదవడం కల్ల. అదే గ్రాఫును నాలుగున్నర అంగుళాలకు తగ్గిస్తే వెడల్పు 450. ఫోనులో అక్షరం 11 చుక్కలు నిలుస్తుంది. అంగుళాలు తగ్గిస్తే అక్షరం పెరుగుతుంది, ఎందుకంటే అక్షరం కొలత పాయింట్లలో స్థిరం, చట్రమే మారుతుంది. స్పష్టత కావాలంటే పెంచాల్సింది డీపీఐ. ఇన్‌లైన్‌లో రెటీనా ఆకృతి ఎంచుకుంటే చుక్కలు రెట్టింపు చేసి అదే జాగాలో చూపిస్తుంది. బొమ్మ పరిమాణం మారదు, గీతలు పదునెక్కుతాయి.

మండల ఆఫీసులోనైనా రైతువేదికలోనైనా గ్రాఫు చివరికి చేరేది వాట్సాప్‌కే. అక్కడ ఫొటోగా పంపితే అది బొమ్మను కుదిస్తుంది, సన్న గీతలు అలుక్కుపోతాయి. డాక్యుమెంటుగా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఇది కోడుతో పనిలేని సంగతే అయినా, ఐదో అంచెలో జరిగే నష్టం మొదటి అంచెలో పడ్డ శ్రమనంతా మింగేస్తుంది గనుక ఏ నియంత్రణ చర్చలోనూ దీన్ని వదలకూడదు.

ఆర్ భాష వాడేవాళ్లకూ ఇదే సమస్య, మాటలే వేరు. జూపిటర్‌లో ఆర్ కెర్నల్ రెపర్ ప్లాట్ విడ్త్, హైట్ అన్న ఆప్షన్లు చూస్తుంది. ఆర్ మార్క్‌డౌన్, క్వార్టోలలో ప్రతి ముక్క తలమీద ఫిగ్ విడ్త్ రాస్తారు. కోడుకు తగలకుండా ముక్క తలమీదే కొలత ఉండటం వల్ల, ఇది విశ్లేషణ, ఇది ప్రదర్శన అని చదివేవాళ్లకు వెంటనే తెలుస్తుంది. ఈ ఒక్క విషయంలో జూపిటర్ ఆ బాట పట్టాల్సి ఉంది.

ఇరుసుల సంగతి

పరిమాణం ఎంత బాగా కుదిరినా ఇరుసు, అంటే అక్షం, తప్పితే గ్రాఫు అబద్ధం చెబుతుంది. లైబ్రరీ ప్రతి గ్రాఫుకూ ఇరుసును తనంతట తాను సర్దుతుంది. లక్ష్మీదేవిపేట 649.8 ఉన్న పట్టికలో ఇరుసు దాదాపు 680 దాకా సాగుతుంది. వాతావరణ శాఖ లెక్కలో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 204.4 దాటితే అత్యంత భారీ. ఆ 64.5 గీత గ్రాఫులో అడుగు నుంచి పదో వంతు ఎత్తులోనే నిలుస్తుంది. పత్తి చేను నీట మునగడానికి చాలినంత వాన, ఆ బొమ్మలో చినుకులా కనిపిస్తుంది.

మండలానికో గ్రాఫు వేస్తే ముప్పు ఇంకో వైపు నుంచి వస్తుంది. ఒక్కో గ్రాఫు తన ఇరుసును తానే సర్దుకోవడంతో ఇరవై మిల్లీమీటర్ల రోజూ ఆరు వందల మిల్లీమీటర్ల రోజూ ఒకే ఎత్తు కమ్మీలుగా నిలబడతాయి. పక్కపక్కన పెట్టే గ్రాఫులకు షేర్‌వై పెట్టి నిలువు ఇరుసు ఒకటే చేయడం, వేర్వేరు సెల్‌లలో వేసేవాటికి హద్దులు పైనే ఒకచోట రాసుకోవడం, భారీ వర్షం గీతలను అన్నిటిలోనూ ఒకే రంగులో గీయడం. ఈ మూడూ చేస్తే పాఠకుడు అంకెలు చదవకుండానే పోల్చుకోగలడు.

జిల్లాలవారీ రంగులు వేసేవాళ్లకు ఇంకో హెచ్చరిక. పెద్దవంగర 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో కొత్త మండలంగా ఏర్పడింది. ములుగు అప్పటి నుంచి 2019 ఫిబ్రవరి దాకా భూపాలపల్లి జిల్లాలో ఉంది. పాత పట్టికలూ కొత్త పట్టికలూ కలిపి గీస్తే ఒకే ఊరు మధ్యలో రంగు మార్చుకుంటుంది. కొత్త మండలం గీత 2016కు ముందు సున్నాగా కాకుండా ఖాళీగా కనిపించాలి. సున్నా అంటే వాన పడలేదని అర్థం. ఖాళీ అంటే లెక్క లేదని అర్థం.

కదిలే గ్రాఫులు, వాటి ఖరీదు

వేలు పెడితే అంకె చెప్పే గ్రాఫులు, దగ్గరికి లాక్కుంటే పెద్దవయ్యే గ్రాఫులు ఇప్పుడు అందరికీ ముద్దు. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోనే పాత నోట్‌బుక్ పద్ధతి ఒకటి ఉండేది. 2023లో వచ్చిన జూపిటర్ నోట్‌బుక్ 7 లోపలి నిర్మాణం జూపిటర్‌ల్యాబ్‌ది కావడంతో అది పనిచేయడం మానేసింది. ఇప్పుడు ఐపీఎంపీఎల్ అన్న అదనపు ప్యాకేజీ పెట్టుకుని విడ్జెట్ పద్ధతి వాడాలి. పాత పాఠాలు చూసి నేర్చుకునేవాళ్లకు వచ్చే జావాస్క్రిప్ట్ తప్పుల్లో చాలావాటికి మూలం ఇది. ప్లాట్లీ, బోకె, ఆల్టేర్ లైబ్రరీలు మొదటినుంచీ బ్రౌజర్ కోసమే పుట్టినవి గనుక అక్కడ కదలిక సహజం.

ఇక ఖరీదు. ప్లాట్లీ తన జావాస్క్రిప్ట్‌ను నోట్‌బుక్‌లో పొదిగితే ఫైలు మూడు నాలుగు ఎంబీలు పెరుగుతుంది. ఆల్టేర్ డేటాను గ్రాఫుతో పాటే ఫైలులో పెడుతుంది. అందుకే 5,000 వరుసలు దాటితే తానే ఆపేస్తుంది. వెయ్యికి పైగా కేంద్రాల రోజువారీ వాన అయిదు రోజులకే ఆ హద్దు దాటుతుంది. హద్దు ఎత్తేయడం సులభమే, కానీ ముందుగా మండలాలవారీగా, వారాలవారీగా కూడి ఆ తర్వాత గీయడమే సరైన దారి. కంటికి ముప్పై వేల చుక్కలు ఎలాగూ వేర్వేరుగా కనపడవు.

డేటా ఫైలులో ఉండిపోవడమంటే అంతకన్నా పెద్ద మాట ఇంకొకటి ఉంది. వాన లెక్కలు అందరివీ. రైతుల భూమి వివరాలు, పింఛనుదారుల పేర్లు అలాంటివి కావు. ఊరివారీ మొత్తాలు మాత్రమే చూపించే గ్రాఫు అనుకుని పంపిన ఫైలులో, వేలు పెడితే కనిపించడానికని కలిపిన పేర్ల వరుస మొత్తం ఉంటుంది. తెరిచి చదవడం తెలిసినవాడికి అది పట్టికే. వ్యక్తుల వివరాలున్న చోట కదిలే గ్రాఫు బయటకు పంపకూడదు. పీఎన్‌జీ పంపితే చాలు.

కదిలే గ్రాఫులు అన్నిచోట్లా కదలవు కూడా. గిట్‌హబ్ 2015 నుంచి నోట్‌బుక్‌లను నేరుగా చూపిస్తోంది, కానీ వాటిలోని జావాస్క్రిప్ట్ నడపదు. భద్రత కోసం అది తప్పదు. జూపిటర్ కూడా ఎవరో పంపిన నోట్‌బుక్‌ను నమ్మకమైనదని మనం ఒప్పుకునేదాకా జావాస్క్రిప్ట్‌ను నడవనివ్వదు. ఒక ఫలితంలో మామూలు మాట, పీఎన్‌జీ, హెచ్‌టీఎంఎల్ అన్నీ కలిపి పంపే వీలు జూపిటర్ ఇస్తుంది. తెర వాటిలో తాను చూపగలిగిన మంచిదాన్ని ఎంచుకుంటుంది. ప్లాట్లీలో రెండరర్ పేర్లలో పీఎన్‌జీని కూడా కలిపితే, బొమ్మ కదలని చోట కనీసం నిశ్చలంగా నిలుస్తుంది. ఈ చిన్న ఏర్పాటు తెలియక ఎందరి శ్రమో ఖాళీ చోటుగా మిగిలిపోతోంది.

తెలుగు రాతకు వచ్చేసరికి

మన పాఠకులకు అన్నిటికన్నా ముఖ్యమైనది, ఇంగ్లీషు పాఠాల్లో అసలు కనిపించనిది ఇది. ‘పెద్దవంగర’ అని గ్రాఫుకు శీర్షిక పెట్టండి. మ్యాట్‌ప్లాట్‌లిబ్ మామూలుగా వాడే డెజావు ఫాంట్‌లో తెలుగు లేదు. 3114 అన్న సంకేతానికి, అంటే ‘ప’కు, రూపం దొరకలేదని హెచ్చరిక వస్తుంది. తెరమీద డబ్బాలు పడతాయి. నోటో సాన్స్ తెలుగో మండలి ఫాంటో దించుకుని ఫాంట్ మేనేజర్‌కు కలిపితే డబ్బాలు పోయి అక్షరాలు వస్తాయి. పని అయిపోయిందనుకుంటాం. దగ్గరికి వెళ్లి చూస్తే అక్కడున్నది ‘పెద్‌దవంగర’. ఎత్వం తలకట్టును తొలగించి కూర్చోలేదు, దానికి తగిలి ఉంది. దవత్తు కిందికి దిగలేదు. పొల్లు పక్కన ఇంకో పూర్తి ద నిలబడింది.

ఆ పేరు కంప్యూటర్‌కు తొమ్మిది యూనికోడ్ సంకేతాలు, కంటికి ఐదు అక్షరాలు. తొమ్మిదిని ఐదుగా కూర్చే పని బ్రౌజర్లలో, ఫోన్లలో హార్ఫ్‌బజ్ లాంటి ఇంజిన్ చేస్తుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఏళ్ల తరబడి దాన్ని వాడకుండా ఒక్కో సంకేతానికీ ఒక్కో రూపం వరుసగా పేర్చుకుంటూ పోయింది. ఇంగ్లీషుకు అది చాలు. తెలుగుకు, హిందీకి, అరబిక్‌కు చాలదు. ఈ కూర్పును లైబ్రరీలోకి తెచ్చే పనిని ఆ ప్రాజెక్టు చేపట్టింది గానీ, కాలేజీ ల్యాబుల్లో ఉన్న వెర్షన్లు మాత్రం ఈ లోపంతోనే నడుస్తున్నాయి.

ఈలోగా చేయదగ్గది ఇది. ఇన్‌లైన్ ఆకృతిని ఎస్‌వీజీకి మార్చి, ఎస్‌వీజీ ఫాంట్‌టైప్ అన్న సెట్టింగును నన్ అని పెట్టాలి. అప్పుడు మ్యాట్‌ప్లాట్‌లిబ్ అక్షరాలను బొమ్మగా గీయకుండా మాటగానే ఫైలులో రాసి వదిలేస్తుంది. చూపించే వేళ బ్రౌజర్ దాన్ని సక్రమంగా కూరుస్తుంది. మాట పొడవును లైబ్రరీ తప్పుగా అంచనా వేసి ఉంటుంది గనుక అక్కడక్కడ రెండు పేర్లు ఒరుసుకోవచ్చు. కాస్త ఎడం ఇస్తే సర్దుకుంటుంది. ప్లాట్లీ, బోకె, ఆల్టేర్‌లకు నోట్‌బుక్‌లో ఈ బాధే లేదు, అక్కడ కూర్పు బ్రౌజర్ పని. ప్లాట్లీ నుంచి పీఎన్‌జీ తీసే కెలైడో కూడా క్రోమియం ఆధారిత బ్రౌజర్‌నే వాడుతుంది కాబట్టి ఒత్తులు చెక్కుచెదరవు. ఆర్‌లో రాగ్ అన్న ప్యాకేజీ ఈ పని చేస్తుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోనే పీఎన్‌జీ కావాలనుకునేవాళ్లకు ఎంపీఎల్‌కైరో అనే బ్యాక్‌ఎండ్ ఉంది. దాన్ని పెట్టుకోవడం కొంచెం పని.

తెలుగు పేర్లు పొడవు కూడా. ‘జయశంకర్ భూపాలపల్లి’ని నిలువు కమ్మీల కింద రాయాలంటే ఏటవాలుగా తిప్పక తప్పదు, తిప్పితే ఒత్తులు చదవడం కష్టం. కమ్మీలను అడ్డంగా వేసి పేర్లను ఎడమ పక్కన వరుసగా రాస్తే మెడ తిప్పకుండా చదవవచ్చు.

చూపు లేనివాళ్ల సంగతి

గ్రాఫు ప్రదర్శన గురించి మాట్లాడేటప్పుడు దాన్ని కళ్లతో చూడలేనివాళ్లను తలిచేవారు తక్కువ. ఈ లోటును లెక్కలతో చూపించినవాడు వెంకటేశ్ పోట్లూరి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో చదివి, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో పనిచేసి, వాషింగ్టన్ యూనివర్సిటీలో పరిశోధన చేసిన ఆయనకు స్వయంగా చూపు లేదు. ఆయన ముందుండి నడిపిన 2023 అధ్యయనంలో లక్ష జూపిటర్ నోట్‌బుక్‌లను పరిశీలించారు. కోడుతో పుట్టిన బొమ్మల్లో దాదాపు వేటికీ తెర చదివే సాఫ్ట్‌వేర్‌కు అందే వివరణ లేదు.

దీనికి కావాల్సిన సాధనాలు ఉన్నాయి, అలవాటే లేదు. క్వార్టోలో ఫిగ్ ఆల్ట్ అని ఒక వరుస రాస్తే చాలు. జూపిటర్‌లో గ్రాఫు కిందనే ఒక మార్క్‌డౌన్ సెల్‌లో ‘జూలై 27న చిట్యాలలో 616.5, రేగొండలో 467’ అని రెండు వాక్యాలు రాసినా ప్రయోజనమే. ఆ రెండు వాక్యాలు చూపు ఉన్నవాళ్లకూ పనికొస్తాయి. బొమ్మ లోడు కాని నెట్‌వర్కులో మిగిలేవి అవే. రంగుల విషయమూ ఇంతే. మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2.0 పాత ఇంద్రధనుస్సు రంగులను పక్కనపెట్టి విరిడిస్‌ను మామూలు రంగుల వరుసగా తెచ్చింది. రంగులు సరిగా పోల్చుకోలేనివాళ్లకూ, నలుపు తెలుపు జిరాక్సులోనూ అది ఎక్కువ తక్కువలను నిలుపుతుంది.

రేపు మళ్లీ నడిపితే

2019లో బ్రెజిల్, అమెరికా పరిశోధకులు గిట్‌హబ్‌లోని 14 లక్షల నోట్‌బుక్‌లను పోగుచేసి, నడపడానికి వీలైనవాటిని మళ్లీ నడిపి చూశారు. తప్పు రాకుండా నడిచినవి 24.11 శాతం. పాత ఫలితమే మళ్లీ ఇచ్చినవి 4.03 శాతం. అంటే నోట్‌బుక్‌లో మనకు కనిపించే గ్రాఫు, దాని పైనున్న కోడు నుంచే వచ్చిందన్న హామీ లేదు. సెల్‌లను ముందువెనకలుగా నడిపి ఉండవచ్చు. మధ్యలో డేటా మారి ఉండవచ్చు. కోడు దిద్ది మళ్లీ నడపకపోయినా పాత బొమ్మ అక్కడే ఉంటుంది.

ఈ కారణంగానే జోయెల్ గ్రస్ 2018 జూపిటర్‌కాన్‌లోనే నిలబడి, తనకు నోట్‌బుక్‌లు నచ్చవని ప్రసంగించాడు. ఆయన విమర్శలో బలముంది. అయితే నోట్‌బుక్ మానేయాల్సిన అవసరం కనపడదు. ఎవరికైనా పంపేముందు రీస్టార్ట్ చేసి అన్ని సెల్‌లూ పైనుంచి కిందికి నడపడం, పనిలో ఉన్న ఫైళ్లను గిట్‌లో పెట్టేముందు ఎన్‌బీస్ట్రిప్‌అవుట్‌తో ఫలితాలు తుడిచేయడం, ఆఖరి గ్రాఫులను సేవ్‌ఫిగ్‌తో విడి ఫైళ్లుగా దాచడం అలవడితే చాలావరకు నమ్మకం కుదురుతుంది. బొమ్మలు నోట్‌బుక్ లోపల బేస్64 రాతగా మారి మూడో వంతు బరువు పెరుగుతాయి కాబట్టి, విడిగా దాచడం ఫైలుకూ మంచిదే.

ఏది ఎక్కడ అదుపు చేయాలి

ఇంతదాకా చూసినదాన్ని బట్టి ఒక క్రమం తేలుతుంది. లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. ముందు గ్రాఫు ఎవరి చేతిలోకి, ఏ తెరమీదికి వెళ్తుందో తేల్చుకోవాలి. ఫోనుకైతే నాలుగున్నర అంగుళాలు, ఎక్కువ డీపీఐ, అడ్డ కమ్మీలు. ప్రొజెక్టరుకైతే వెడల్పు చట్రం, పెద్ద పాయింట్లు. తర్వాత ఫైలు వైపు చూడాలి. అందులో వ్యక్తుల వివరాలు ఉంటే నిశ్చల బొమ్మ, లేకుంటే కదిలేది, దానికి తోడుగా పీఎన్‌జీ. ఆ తర్వాత ఆకృతి, ఫాంటు, రంగులు, హద్దులు, ఈ నాలుగూ నోట్‌బుక్ మొదటి సెల్‌లో ఒకేచోట రాసుకోవాలి. వాటిని ప్రతి గ్రాఫు దగ్గరా మళ్లీ రాస్తే ఎప్పుడో ఒకచోట తప్పుతుంది. గ్రాఫు గీసే సెల్‌లో మిగలాల్సింది ఆ గ్రాఫు చెప్పే విషయమొక్కటే.

మనం చేయలేనివి కొన్ని ఉన్నాయి. గ్రాఫుకు వివరణ రాసే గడి జూపిటర్‌లో ప్రతి ఫలితం పక్కనా తప్పనిసరిగా ఉండాలి, అది ఆ ప్రాజెక్టు చేయాల్సిన పని. ఒత్తులు సరిగా పడటం ఏ అదనపు ప్యాకేజీ లేకుండా జరగాలి, అది లైబ్రరీ రాసేవాళ్ల పని. డేటా సైన్స్ పాఠాలు చెప్పే మన కాలేజీలకు మాత్రం ఇవేవీ అడ్డు కావు. మొదటి ల్యాబులో పాఠ్యపుస్తకాల్లో కనిపించే ఐరిస్ పువ్వుల కొలతల పట్టిక బదులు రాష్ట్ర వర్షపాతం పట్టిక ఇచ్చి, శీర్షిక, ఇరుసు పేర్లు తెలుగులో పెట్టమని అడిగితే చాలు. విద్యార్థి ఆ ఒక్క గ్రాఫుతోనే ఐదు అంచెలనూ ముట్టుకుంటాడు. ఊళ్లో వాళ్లు చదవగలిగే గ్రాఫు కూడా ఒకటి మిగులుతుంది.